రొక్కం మీద కూర్చున్న అత్తగారు

రొక్కం అంటే మావారి దృష్టిలో ఇంట్లో ఉన్న డబ్బు కాదు, అడిగిన క్షణాన తన చేతికి అందేది. ఆయన పోయాక ఆ మాటను అంత కచ్చితంగా వాడేవాళ్ళు మా ఇంట్లో లేరు. బైబిలు చదివే మనిషి, అబద్ధం ఆడేవారు కాదు. అందుకని ఎవరైనా అప్పుకి వస్తున్నారంటే ముందు జేబు ఖాళీ చేసుకుని, ఆ తర్వాత "రొక్కం లేదండీ" అని నిజమే చెప్పేవారు.

డెబ్బైల్లో, ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో, చెరకు డబ్బు చేతికొచ్చిన వారం. వానలు మొదలయ్యాయి, ఇల్లు కారుతోంది. పెంకులు మార్పించాలి. రొక్కం కడితేనే బెజవాడలో పెంకుల లారీ కదులుతుంది. ఇంతలో మా అత్తగారి తమ్ముడు వీధి మలుపులో కనిపించారు. మావారు నోట్ల కట్ట నా చేతిలో పెట్టేశారు. నన్ను అడిగితే? నాకూ అబద్ధం చేతకాదు. అత్తగారికిచ్చాను. ఆవిడ దాన్ని పీట మీద పెట్టుకుని, పైన కూర్చుంది.

తమ్ముడంటే ఆవిడకు ప్రాణమని మాకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

"గన్నవరంలో విమానాలు దిగేచోట సోడాకొట్టు పెడుతున్నాన్రా. కాస్త రొక్కం సర్దు."

"ఎంతమంది దిగుతారు మావయ్యా?"

"తక్కువేలే. అందరికీ దాహమేగా!"

"నా దగ్గర రొక్కం లేదు మావయ్యా."

"నీ దగ్గరో, అమ్మాయ్?"

"నా దగ్గరా లేదండీ బాబాయిగారూ."

ఆయన అక్కగారి వైపు తిరిగారు. "నువ్వన్నా చూడవే అక్కా."

"ఉందిరా. దాని మీదే కూర్చున్నా."

మావారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అనుకుంటాను.

"అయితే లే మరి!"

"మోకాళ్ళు పట్టేశాయిరా. లేవలేనిదానికి రొక్కమెక్కడిది?"

"చెయ్యివ్వు, నే లేపుతా."

ఇచ్చింది. మా అత్తగారు భారీ మనిషి. ఆయన లాగారు. ఆవిడ కదల్లేదు గానీ ఆయన నడుం పట్టేసింది. వంగినవారు వంగినట్టే ఉండిపోతే, నేనూ మావారూ మోసుకెళ్ళి ముందుగదిలో మంచం మీద పడుకోబెట్టాం. అంతలో వాన అందుకుంది. పైన పెంకు పగిలి ఉంది. చినుకులు వరసగా ఆయన నుదుటి మీద పడసాగాయి. మంచం జరపబోతే "కదపొద్దు, చస్తాను!" అని కేక. గొడుగు పట్టి నిలబడ్డాను.

"ఏరా, కొంప ఇట్లా కారతంటే డబ్బు కింద పెట్టుకు కూచుంటారా? ముందు పెంకులు మార్పించండ్రా!"

"మరి సోడాకొట్టు?"

"సోడా మొహం! ముందు నా మొహం చూడు!"

అత్తగారు చక్కా లేచి, నడిచొచ్చి, కట్ట కొడుకు చేతికిచ్చింది. "మీ మావయ్యే చెబుతున్నాడుగా, వెళ్ళు."

మావారు నా చేతిలో గొడుగు అందుకుని వానలోకి దిగారు.

"ఒరేయ్, గొడుగురా! గొడుగు!" అన్న అరుపు వీధి చివరిదాకా వినపడే ఉంటుంది. మావారు మాత్రం వెనక్కి చూడలేదు.