ఆరు రోజుల సంజాయిషీ

మా నాన్నకి పంచాంగం ఉంటే చాలు, గడియారం అక్కర్లేదు. జగ్గయ్యపేటలో మా ఇంట్లోంచి ఎవరు కాలు బయట పెట్టాలన్నా ఆయన పర్మిషన్ కావాలి. ఎవరైనా తుమ్మితే వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. స్కూల్లో సైన్సు చెప్పే టీచర్ని నేను, రాహుకాలం దాటేదాకా గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడేదాన్ని.

తొంభైల చివర్లో నందిగామ కోర్టు నా విడాకుల కేసులో తీర్పిచ్చింది. విడాకులకి నేనేం ఏడవలేదు. ఏడేళ్ళ నా కూతుర్ని వాళ్ళ నాన్నకి అప్పగించమన్నారు, అక్కడే ప్రాణం పోయినంత పనైంది. అప్పీలుకి గడువు ముప్పై రోజులు. అది దాటితే పిల్ల వెళ్ళిపోతుంది.

అప్పీలుకి తీర్పు నకలు కావాలి. దాని కోసం అర్జీ పెట్టడానికి నాన్న మంచిరోజు వెతికేసరికి ఇరవై ఎనిమిది రోజులు గడిచిపోయాయి. "కంగారేం లేదమ్మా, అర్జీ పెట్టాక నకలు మన చేతికొచ్చేదాకా రోజులు లెక్కలోకి రావు" అన్నాడు ధీమాగా. అక్కడే పప్పులో కాలేశాం. చేతికొచ్చేదాకా కాదు, కోర్టులో తయారయ్యేదాకా!

నకలు ఒక సోమవారం తయారైంది. ప్లీడరు గారి గుమాస్తా పక్కింటికి ఫోన్ చేసి చెప్పాడు. మంగళవారం నాన్న ఇల్లు కదలడు. బుధవారం చతుర్దశి. మొత్తానికి మళ్ళీ సోమవారానికి గానీ ఇద్దరం నందిగామ వెళ్ళి నకలు తీసుకోలేదు. ప్లీడరు గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టి తల పట్టుకున్నారు.

"గడువులో మిగిలిన రెండు రోజులూ మొన్న బుధవారంతో అయిపోయాయమ్మా. రేపు వేసినా ఆరు రోజులు లేటు. మన్నించమని పిటిషన్ పెట్టాలి, ప్రతి రోజుకీ కారణం చూపించాలి. మీకు పచ్చకామెర్లు వచ్చాయని రాసేస్తా."

నాన్న చివాల్న లేచాడు. "లేని జబ్బు కాగితం మీద రాస్తే నిజంగానే వచ్చి కూర్చుంటుందండీ. నా కూతురికి అలా రాయడానికి వీల్లేదు."

"మరేం రాయమంటారు?"

"జరిగిందే రాయండి."

రాశారు. గడువులో మిగిలిన మంగళవారం ప్రయాణానికి పనికిరాదు, బుధవారం చతుర్దశి. గురువారం అమావాస్య. శుక్రవారం పాడ్యమి. శనివారం బస్టాండుకి బయల్దేరితే పక్కింటాయన తుమ్మాడు. ఆదివారం కోర్టుకి సెలవు. సోమవారం నకలు తీసుకున్నాం. మంగళవారం దాఖలు. నాకు ఒళ్ళు మండిపోతోంది, ప్లీడరు గారికేమో నవ్వు ఆగట్లేదు. "నా సర్వీసులో రోజుకో కారణం ఇంత శుభ్రంగా చూపించిన పార్టీ లేదండీ" అన్నారు.

విజయవాడ కోర్టులో అది వాదనకొచ్చింది. పిటిషన్ కొట్టేస్తే అంతే సంగతులు. అవతలి వకీలు "పంచాంగం చట్టం కాదండీ" అని ఎద్దేవా చేశాడు. జడ్జిగారు కాగితం చదువుతూ మీసాల్లో నవ్వుకుని, ఒకచోట ఆగారు.

"మంగళవారం పనికిరాదన్నవారు దాఖలు చేసింది మంగళవారమేగా! అదెలా?"

నాన్న లేచి చేతులు కట్టుకున్నాడు. "పిల్ల కంటే వారం ఎక్కువేం కాదండీ. అది ఆలస్యంగా తెలిసొచ్చింది."

జడ్జిగారు ఇంక నవ్వలేదు. ఆలస్యాన్ని మన్నించారు, అప్పీలు తేలేదాకా పిల్ల నా దగ్గరే ఉండాలన్నారు. రెండేళ్ళకి అప్పీలూ గెలిచాం గానీ, నాకు పండగ మాత్రం ఆ రోజే.

తిరుగు బస్సులో నాన్న నా టికెట్ కూడా తనే తీసుకున్నాడు. కంచికచర్ల దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నీ పెళ్ళికి ముహూర్తం ఆర్నెల్లు వెతికి పెట్టానే అమ్మాయ్."

అన్నాళ్ళూ దాచుకున్న కోపమంతా ఏమైపోయిందో తెలీదు. "నా టికెట్ కూడా నువ్వే తీసుకున్నావు కదా, దాంతో ఆ ముహూర్తానికి చెల్లు, చాల్లే నాన్నా" అని నవ్వేశాను. ఆయనా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికొచ్చేసరికి నా కూతురు అమ్మమ్మ పక్కన గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తోంది. మమ్మల్ని చూడగానే లేచి, పరిగెత్తబోతూ హాచ్చని గట్టిగా తుమ్మింది. నేను అలవాటుగా ఆగిపోయాను. నాన్న ఆగలేదు.