కడియం ఎక్కడిదాకా వెళ్ళింది

నా చిన్నప్పుడు రాజోలు దగ్గర మా ఊళ్ళో ఒక బాలవాడి ఉండేది. నెలకోసారి పసిపిల్లల్ని తూచి, బరువు తక్కువున్నవాళ్ళకి రోజూ ఒక గ్లాసు పాలు ఎక్కువ పోసేవారు. అవి డెబ్భైల చివరి రోజులు. నేను అయిదో తరగతి. లెక్కలు వస్తాయనీ, దస్తూరీ గుండ్రంగా ఉంటుందనీ బరువుల పుస్తకం నాచేతే రాయించేవారు.

ఒక తూకం రోజున, మర్నాడు పై ఆఫీసరుగారు వస్తున్నారని తెలిసింది. మా చేలో కోతకొచ్చే అక్క కూతుర్ని తూచాం. ఎనిమిదిన్నర కిలోలు. "పదకొండు వెయ్యమ్మా, మన ఊరికి మంచిపేరు," అన్నారు బాలవాడి నడిపే మేష్టారు. పదకొండైతే ఆ పిల్ల గ్లాసు ఆగిపోతుందని నాకు తెలుసు. తెలిసే వేశాను.

మర్నాడు ఆఫీసరుగారు పుస్తకం తిరగేసి, "భలే ఉన్నారండీ మీ పిల్లలు," అన్నారు. అక్కడ పాలు కాచే మామ్మ ఆ మాట విని, మా మూడేళ్ళ తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. వాడి చేతి వెండి కడియం ఊడిరాదు. సబ్బు రాసి, వాడు గోలపెడుతున్నా తీసి, ఆ పిల్ల చేతికి తొడిగింది. కడియం మోచెయ్యి దాటి, భుజం దగ్గర ఆగింది.

"ఈళ్ళిద్దరికీ తొమ్మిది రోజులే తేడా అండీ. పుస్తకంలో ఏటి రాసేరో మరి," అంది మామ్మ.

"వాళ్ళ ఒళ్ళే అంతండీ, ఎంత పెట్టినా పట్టదు," అన్నారు మేష్టారు.

"పెట్టి చూసేరేటండీ?"

ఆఫీసరుగారు పిల్లను మళ్ళీ తూయించి, పెన్సిలు నా చేతికిచ్చారు. పదకొండు కొట్టేసి ఎనిమిదిన్నర వేశాను. ఆ గ్లాసు ఆగలేదు.

ఆకలి అంటే వానల్లేని దేశాల సంగతని మా వాచకంలో ఉండేది. మా ఊళ్ళో ఏటా రెండు పంటలు. ఆ పిల్ల తల్లి కోసిన ధాన్యం మా గాదెలో ఉంది, మా తమ్ముడి ఒంట్లో ఉంది. తిండి పండక కాదు ఆ చెయ్యి అలా అయింది. ఇన్నేళ్ళయినా ఆ కోపం నాకు తగ్గలేదు, అందులో సగం నామీదే.

ఇవాళ ఏ దేశంలోనో పిల్లలు బాగుపడ్డారని పేపర్లో అంకెలు వేస్తారు. నిజమైతే సంతోషమే. కానీ ఆ అంకె ఎవరు వేశారో, పక్కన నిలబడి ఎవరు వేయించారో అని ఆగిపోతాను. నేను వేసిన పదకొండు కూడా ఎంతో ముచ్చటగా ఉండేది.