చేప కంటికి కాటుక

1946 వేసవిలో నెలల పిల్లను ఒళ్లో పెట్టుకుని మాచర్ల రైల్లో వెళ్తున్నాను. ఎదురుగా ఒకాయన బూరుగు చెక్కతో చేసిన చేపకు పసుపు రంగు పూస్తున్నాడు. దాని కడుపు కింద గాలం వేలాడుతోంది.

"తల్లీ, బిడ్డ కాటుక రవ్వంత ఇయ్యి. దీనికి కన్ను దిద్దాల."

పసిబిడ్డ కాటుక పరాయివాళ్ల చేతికిస్తే చేతబడి చేస్తారని మా అత్తగారు చెప్పేవారు. భరిణెను కొంగున ముడేసుకున్నాను.

"చెక్క చేపకు కన్నెందుకు?"

"కన్నుంటేనే పెద్ద చేప నమ్మి మింగుద్ది."

"దానికి మా కాటుకే కావాల్సొచ్చిందా?"

ఆయన కిటికీ ఊచకంటిన ఇంజను మసిని వేలితో తీసి చుక్క పెట్టాడు. గురజాలలో దిగుతూ నావైపు తిరిగాడు.

"ఏట్లో అన్నీ నీలాంటి చేపలే ఉంటే నేను చానా రోజులు పస్తుండాల తల్లీ!"

పిల్ల బుగ్గమీది దిష్టిచుక్క చెరగలేదని చూసుకున్నాకే నాకు నవ్వొచ్చింది.