మేనత్త ఓడిపోయాక

మొన్న శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ ఫోన్ చూస్తే, మా సంఘం వాట్సాప్ గ్రూపులోంచి మూడు కుటుంబాలు వెళ్లిపోయినట్టు కనిపించింది. వేసవిలో ఆరాధన ఎన్నింటికి మొదలుపెట్టాలన్నదే గొడవ. డాలస్ పక్కన మా ఇర్వింగ్‌లో ఇన్ని తెలుగు సంఘాలేమిటని కొత్తవాళ్లు అడిగితే, సగం సువార్త వల్ల, సగం అలకల వల్ల అంటారు మా ఆయన. ఎప్పుడూ నవ్వేసేదాన్నే గానీ, ఆ పొద్దున్న మా మేనత్త గుర్తొచ్చింది.

గుంటూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సుగా మొదలై డాలస్‌లో రిటైరైన మనిషి ఆవిడ. ఒక అమెరికన్ లూథరన్ చర్చివాళ్లు ఆదివారం మధ్యాహ్నాలు మాకు తమ గుడి ఇచ్చేవారు. ప్రభురాత్రి భోజన సంస్కారం రోజున అందరం వరసగా మోకరించి ఒకే పాత్రలోంచి ద్రాక్షారసం తాగేవాళ్లం. ఒక్కొక్కరి తర్వాత పాస్టరు అయ్యగారు అంచు తుడిచి పక్కవాళ్లకిచ్చేవారు. కోవిడ్ తర్వాత మళ్లీ కూడినప్పుడు, ఎవరి చిన్న కప్పు వాళ్లకి పెడదామని కొందరం అన్నాం. మేనత్త వద్దంది. ఆవిడ వద్దంటే పన్నెండు కుటుంబాలు వద్దన్నట్టే. నెల తిరిగేసరికి, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో బిర్యానీ ఒక బల్ల మీదకి, పెరుగు పచ్చడి ఇంకో బల్ల మీదకి చేరాయి.

చివరికి మీటింగు పెట్టారు. నలభై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి ముందు నేను లేచి క్రిముల గురించి పాఠం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. తన వంతు వచ్చినప్పుడు, తనకి ఒక్క పాత్రే ఇష్టమని, సంఘం ఎలా అంటే అలాగేనని చెప్పి కూర్చుంది. చేతులెత్తించారు. మేమే గెలిచాం.

బయట పార్కింగ్‌లో ఆవిడ వైపువాళ్లు చుట్టూ మూగారు. వచ్చే వారం నుంచి వేరే ఆరాధనకి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ బుక్ చేస్తామని, ఆవిడ ఊఁ అంటే చాలని అన్నారు. నేను కారు తలుపు పట్టుకుని వింటున్నాను.

“ఓటుకి రమ్మంటే వచ్చాం కదయ్యా,” అంది మేనత్త. “గెలిస్తే ఉండేవాళ్లమే. ఓడితే పోతామని ముందే చెప్పామా?”

తర్వాతి సంస్కారం ఆదివారం నేను పెందలాడే వెళ్లాను. చర్చి వంటగదిలో ఆవిడ వేడినీళ్లలో చిన్న గాజు కప్పులు కడుగుతోంది. నువ్వెందుకు అత్తా అంటే, కిడ్నీ మార్పించుకున్న అంకుల్ ఉన్నాడుగా, సరిగ్గా కడగాలి అంది. ఇంకో నాలుగు కప్పులు కడిగాక, తల ఎత్తకుండానే చెప్పింది.

“మా ఊళ్లో టీ బడ్డీ దగ్గర మా గ్లాసులు వేరే. చూరులో దోపి ఉండేవి. తాగి మేమే కడిగి పెట్టాలి. పెద్ద కులం నుంచి సంఘంలో చేరిన ఆసామి ఒకాయన ఉండేవాడు. గుళ్లో మాత్రం మీ తాత తాగిన పాత్రలోనే ఆయనా తాగేవాడు. ఊరు మొత్తం మీద అదొక్క చోటే.”

మా నాన్న ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. మీటింగులో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెబితే జాలిపడి చేతులెత్తేవాళ్లు. ఆ కిడ్నీ అంకుల్ భయం భయంగానే తాగేవాడు. అది ఒక్క పాత్రని మనసారా ఒప్పుకోవడం కాదమ్మాయ్.”

తువ్వాలు తీసుకుని నేను కప్పులు తుడవసాగాను. ఆ మధ్యాహ్నం అందరికంటే ముందు మేనత్తే వెళ్లి మోకరించి, చిన్న కప్పు అందుకుంది. వెనక పన్నెండు కుటుంబాలూ లేచాయి. ఒక్కరూ వెళ్లిపోలేదు. నిరుడు వర్జీనియాలో, హెర్న్‌డన్‌లోని కూతురింట్లో ఆవిడ కన్నుమూసేదాకా, ఆ గ్లాసుల మాట సంఘంలో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఏళ్లు గడిచేకొద్దీ మన వాదనలు మనకే చప్పబడిపోతాయి. ఎదుటి మనిషి లోపలే ఉంచుకున్న మాట ఆలస్యంగా మనదాకా వచ్చి, ఇక ఎటూ పోదు.