కిటికీలోంచి వేసిన తువ్వాల

నాకు కారు లేదు. ఒకప్పుడు కొనలేక, ఇప్పుడు అక్కరలేక. వనపర్తిలో మా గల్లీ మొత్తానికి కారెక్కే ర్యాంపు లేని ఇల్లు నాదొక్కటే. జాలిపడేవాళ్లు పడనీ. నాకు చదువు చెప్పింది బస్సు. బడి మొహం ఎరగనివాణ్ని. పశువులు కాసే రోజుల్లో రోడ్డు మీద ఆగిన బస్సుల బోర్డులు చూసి, ఇది ఏ ఊరికని కండక్టర్నడిగి, ఆ పేరును పుల్లతో మట్టిలో గీసుకునేవాణ్ని. గద్వాలతో ‘గ’ వచ్చింది, కొత్తకోటతో ‘క’ వచ్చింది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

మొన్న వేసవిలో మా తమ్ముడి మనవడికి గద్వాలలో సంబంధం కుదిరింది. తమ్ముడు లేడు కనుక తాంబూలం మార్చుకొని మాట ఖాయం చేయాల్సిన ఇంటిపెద్దను నేనే. ముందురోజు సాయంత్రం తమ్ముడి కొడుకు వచ్చి, కూర్చోకుండానే అందుకున్నాడు.

“పెద్దనాయినా, రేపు కార్ల పోదం. నీకు ముందటి సీటు.”

“నేను బస్సుల వస్త.”

“బస్సు దిగి నడుసుకుంట పోతే పిల్లనిచ్చెటోళ్లు ఏమనుకుంటరు? ఇంటిపెద్దకు కారు గూడ లేదంటరు.”

“లేదు గదరా. ఉన్నదని చెప్పమంటవా?”

అతడి మొహం ముడుచుకుంది. “పదకొండు దాటితే మంచి గడియ పోతది. నువ్వు రాకుంటే మా మామతోని తాంబూలం ఇప్పిస్త. మల్ల నన్ననొద్దు.”

ఆ మాట గుచ్చుకుంది. ఈ వయసులో నా చేతిలో మిగిలింది ఆ పెద్దరికం ఒక్కటే. దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకొకడి కారెక్కాలా?

పొద్దున్నే బయలుదేరి పెబ్బేరులో దిగాను, గద్వాల బస్సు కోసం. తాంబూలంలో పెట్టాల్సిన పసుపుకొమ్ములు, వక్కలు తువ్వాల కొంగున ముడేసుకున్నాను. అవి ఇంటి నుంచే రావాలి, ఇంటిపెద్ద చేతి నుంచే పోవాలి. అది మా ఆనవాయితీ. గద్వాల బోర్డున్న బస్సు వచ్చి, ఆగివున్న ఇంకో బస్సు పక్కన నిలబడింది. ఒకటే జనం. మా దిక్కు కిటికీలోంచి తువ్వాల వేస్తే ఆ సీటు వేసినవాడిదే, ఎవరూ కాదనరు. రెండు బస్సుల సందులో తోపులాటలో వేశాను. ఎక్కి చూస్తే తువ్వాల లేదు. పక్కనున్న కొత్తకోట బస్సు కదిలిపోతోంది, నా తువ్వాలతో. బోర్డు సరిగానే చదివాను. తప్పింది కిటికీ.

మా కండక్టరమ్మ టికెట్లు కొడుతూనే ఆ బస్సు కండక్టర్‌కు ఫోన్ చేసింది.

“పరేషాన్ గాకు తాతా. కొత్తకోటల గద్వాల బస్సుకు అందిస్తరు. మనెనకాల్నే వస్తది.”

నేను పిల్లవాళ్లింటికి చేరేసరికి పది. తమ్ముడి కొడుకు నా ఒట్టి భుజం చూశాడు. “తువ్వాలేది?”

“ఎనక బస్సుల వస్తది.”

అతడి మామ పకపకా నవ్వాడు. “దానికి గూడ టికెట్ తీసినవా, బావా?”

“పసుపుకొమ్ములు బజార్ల దొరుకుతయ్,” తమ్ముడి కొడుకు తాళంచెవి తీశాడు. “కార్ల పోయి జల్ది తెస్త.”

“దొరుకుతయ్. మా ఇంట్లయి దొరకవు.”

అప్పటిదాకా మూలన కూర్చున్న పెండ్లిపిల్ల తాత లేచి చెప్పులేసుకున్నాడు.

“నడువు బావా, బస్టాండు కాడికి పోదం. నా గొడుగు ఒకపారి రాయచూరు దాకా ఒక్కతే పోయొచ్చింది.”

ఇద్దరం నడిచాం. ఆయన మోకాళ్లు నావాటికంటే అధ్వాన్నం, అయినా ఆగలేదు. బస్సు రానే వచ్చింది. కండక్టర్ కిటికీలోంచే తువ్వాల అందించాడు. వేసిన ముడి వేసినట్టే ఉంది. పదకొండు కొట్టకముందే తాంబూలం నా చేతి నుంచే పోయింది.

తిరుగు ప్రయాణానికి తమ్ముడి కొడుకు కారు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. నేను బస్టాండు దారి పట్టాను. పిల్ల తాత వెంట వచ్చాడు. వనపర్తి బస్సు రాగానే నాకంటే ముందు తన తువ్వాల తీసి కిటికీలోంచి వేశాడు.

“కూసో బావా. ఈపారి బస్సు నేను చూసిన.”

ఎక్కి కూర్చొని ఆయన తువ్వాల ఆయనకు అందించాను.

పెండ్లికన్నా కారులో వస్తావా అని తమ్ముడి కొడుకు నిన్న అడిగాడు. బస్సులోనే వస్తానన్నాను. పసుపుకొమ్ములు మాత్రం జేబులో వేసుకుంటాను.