తినని నెయ్యి

నేను నెయ్యి దొంగిలించలేదు. మా సేటు దుకాణంలోదే కాదు, ఈ లోకంలో ఎవరి నెయ్యీ దొంగిలించలేదు. అయినా నాందేడ్ మోండా బజారులో నన్ను "తూప్ చోర్" అన్నారు. మరాఠీలో తూప్ అంటే నెయ్యి. చోర్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఈ ముక్క ముందే చెప్పి పడేస్తున్నాను, ఎందుకంటే నేను పాత సంగతి ఎత్తుకుంటే అసలు మాట చేరేసరికి వినేవాళ్లు లేచిపోతారని మా ఇంట్లో వాళ్ల ఫిర్యాదు.

ఆ రోజుల్లో మనిషి ఏం తింటున్నాడో అతన్ని అడిగేవాళ్లు కాదు, చూసి చెప్పేసేవాళ్లు. బొద్దుగా ఉంటే నెయ్యి, బక్కగా ఉంటే గంజి. ఆ లెక్కన నాకు గంజి కూడా సరిగా అందనట్టే, వెదురుకర్రకు చొక్కా తగిలించినట్టుండేవాణ్ణి. మాది ఉమ్రి దగ్గరి పల్లె. గుంట భూమి లేని ఇల్లు. మా నాయన, బాపు అనేవాణ్ణి, ఒక పటేలు చేన్లో జీతం ఉండేవాడు. నేను బడి మధ్యలో వదిలేసి, మన్మాడ్ లైను బండెక్కి నాందేడ్ వచ్చి, ఒక తెలుగు షావుకారు నెయ్యి దుకాణంలో కుదిరాను. ఆయన్ను అందరం సేటు అనేవాళ్లం. పొద్దంతా నెయ్యి డబ్బాలు మోసేవాణ్ణి, సాయంత్రం జొన్నరొట్టె మీద మిరపకారం, ఉల్లిగడ్డ పెట్టుకుని తినేవాణ్ణి. నెయ్యి వాసన నా చొక్కాకు పట్టింది గానీ దాని రుచి నా నాలుకకు తెలియదు. (వీధి కుక్కలు కూడా నా చొక్కాను నమ్మి వెంటపడి, నా ముఖం చూసి నిరాశతో వెనక్కి పోయేవి.)

దుకాణం ముందు, సేటు ఇల్లు వెనక. రెండింటి మధ్య అరమీద ఇంటి వాడకానికని ఒక పింగాణీ జాడీ ఉండేది. రోజూ పొద్దున ఆ జాడీలో పేరిన నెయ్యి మీద కొత్తగా ఒక చెంచా గుంట కనిపించేది. సేటు దాన్ని చూసి కుతకుతలాడేవాడు. "పిల్లి తిన్నదందామంటె, పిల్లి చెంచాతోని తింటదార?" అని నన్నే అడిగేవాడు. నేను నవ్వేవాణ్ణి. అదే నా మొదటి తప్పు. దొరకని దొంగ నవ్వుతాడని సేటు సిద్ధాంతం.

అలా ఉండగా మోండాలో రక్తదాన శిబిరం పెట్టారు. అరటిపండ్లు ఇస్తారని తెలిసి నేను అందరికన్నా ముందు నిలబడ్డాను. ముందే రెండు పండ్లు పెట్టించుకుని, తిన్నాకే చెయ్యి చాపాను. మర్నాడు రక్తం పరీక్ష చేసే సారు చిన్న గాజు గొట్టం పట్టుకుని దుకాణానికే వచ్చేశాడు. గొట్టంలో కింద ఎరుపు, పైన తెల్లగా చిక్కటి మీగడ!

"అరే, హే రక్త్ ఆహే కీ లస్సీ?" అన్నాడు సారు. ఇది రక్తమా, లస్సీయా అని. దుకాణంలో ఉన్న గిరాకీలంతా ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూశారు. సారు వివరించాడు: ఆ తెల్లదంతా కొవ్వు, ఒంట్లోకి నెయ్యీ నూనే విపరీతంగా పోతే అలా తేలుతుంది. సేటు ఆ గొట్టాన్ని చూశాడు, జాడీని చూశాడు, నన్ను చూశాడు.

"దొరికినవ్ బిడ్డా!"

"సేటూ, నేను ముట్టలే! మాహూర్ రేణుకమ్మ తోడు!"

"నువ్వు ముట్టకుంటె అది నీ రక్తంలకు నడుసుకుంట వొయ్యిందార?"

నాకు రోషం వచ్చింది. "నా నోరు వాసన చూడుండ్రి సేటూ, ఉల్లిగడ్డ తప్ప ఏమన్న వస్తదేమో!" అని సేటు ముఖం మీదికి నోరు తెరిచాను. గిరాకీలు పగలబడి నవ్వారు. సేటు ముఖం కందగడ్డయింది. "చూసిండ్రా వీని బలుపు! కొవ్వు వీని రక్తంల్నే ఉంది!" అన్నాడు.

సారు కాస్త న్యాయం తెలిసిన మనిషి. పండ్లు తిని ఇచ్చిన రక్తంతో ఏదీ గట్టిగా తేల్చలేమని, కొన్నాళ్లు నెయ్యికి దూరంగా ఉంచి, రాత్రంతా ఏమీ పెట్టకుండా పరగడుపున మళ్లీ తీద్దామని అన్నాడు. అప్పుడు లోపలినుంచి సేటు తల్లి వచ్చింది. (మా వైపు అవ్వ అంటే తల్లే, ఈమెను మాత్రం ఊరంతా పెద్దవ్వ అనేది.) తెల్లచీర, చేతిలో జపమాల, పెదవుల మీద సన్నని మెరుపు. పెదవులు పగలకుండా కాస్త రాసుకుంటానని చెప్పేది, ఎండాకాలంలో కూడా.

"పోరన్ని నా కండ్ల ముందట ఉంచుండ్రి. ఏం తింటడో నేను చూసుకుంట," అంది.

అలా నేను పెద్దవ్వ పహరాలో ఖైదీనయ్యాను. పగలు డబ్బాలు మోస్తుంటే ఆమె గడప మీద కూచుని చూసేది, రాత్రి ఆమె మంచం కిందే నా చాప. రొట్టె ఆమె చేత్తోనే పెట్టేది. పాపం, నా మీద ఆమెకు ఎందుకో అంత జాలి! ఎవరూ చూడకుండా నా చేతిలో బెల్లంగడ్డ పెట్టి, "నెయ్యి లేకుంటె పాయె, ఇదన్న తిను బిడ్డా," అనేది. వద్దన్నా గిన్నె నిండా అన్నం వడ్డించేది. పుట్టాక అంత బెల్లం, అంత అన్నం నేను ఎన్నడూ తినలేదు. నిర్దోషిగా తేలబోతున్నానన్న సంతోషంలో మరింత తిన్నాను.

రెండో పరీక్ష రోజు బాపు కూడా ఉమ్రి నుంచి బండిలో దిగాడు. కొడుకు దొంగ అన్న మాట అప్పటికే పల్లె చేరింది. మోకాళ్ల దాకా పంచె, భుజాన గొంగడి, నాకన్నా ఎండిన మనిషి. నాకు ధైర్యం రావాలని పెద్దవ్వ కూడా, "నాది గూడ తియ్యి నాయినా," అని చెయ్యి చాపింది. బాపుకు పట్టుదల వచ్చింది. పొద్దటినుంచి పచ్చి గంగ కూడా ముట్టలేదంటూ తనూ చాపాడు. గొట్టాలు మూడూ కిటికీలో నిలబెట్టారు. దుకాణంలో బేరాలు ఆగిపోయాయి. గంటసేపటికి నా గొట్టంలో మీగడ తేలింది, మొదటిదానికన్నా చిక్కగా! బాపు గొట్టంలోనూ మీగడే! పెద్దవ్వది మాత్రం పైన తేటగా, లేత పసుపు రంగులో ఉంది.

సారు ఆ మూడో గొట్టం ఎత్తి అందరికీ చూపించి, నెయ్యి ముట్టని మనిషి రక్తం ఇలా ఉంటుందన్నాడు. పెద్దవ్వ కళ్లు మూసుకుని జపమాల తిప్పింది. సేటుకు తల్లి మీద గర్వంతో కళ్లు చెమర్చాయి, మరుక్షణం నా మీద కోపంతో ఎర్రబడ్డాయి.

"వీడు తినుడే గాదు, ఊరికి తండ్రికి గూడ పంపుతుండు!"

పాఠకులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తండ్రికీ కొడుక్కీ ఒకే మీగడ! ఒకడు జొన్నచేన్లో, ఒకడు దుకాణంలో, మధ్యన రైలుపట్టా. ఇది దేనికి సాక్ష్యం? ఆ రోజు అది దొంగతనానికి సాక్ష్యమైంది! బాపు గొంగడి సర్దుకుని ఒక్కటే మాటన్నాడు: "సేటూ, నెయ్యి రంగెట్లుంటదో పెండ్లిల్ల పటేలు విస్తరి మీద చూసిన. గా చూసుడుకే గింత కొవ్వు పడ్తదని నాకెర్కలే." నన్ను వెంటబెట్టుకుని బయటికి నడిచాడు.

ఆ తర్వాత నేను హమాలీ చేశాను, బట్టల దుకాణంలో గుడ్డలు కొలిచాను, పాత కాగితాల కొట్టులో కూచుని పొట్లాలకు వచ్చిన పత్రికల్లో ఆరోగ్యం శీర్షికలన్నీ చదివాను. బాపు ఎక్కువ కాలం లేడు. ఒక మధ్యాహ్నం కలుపు తీస్తూ రొమ్ము పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. దేవర పట్టిందన్నారు. నాకు మాత్రం కిటికీలో నిలబెట్టిన ఆ గొట్టం గుర్తొచ్చింది. దొరికిన ప్రతి డాక్టరునూ అడిగాను, నెయ్యి తినకపోయినా రక్తంలో కొవ్వు ఎలా వస్తుందని. అందరిదీ ఒకటే జవాబు: నెయ్యి తగ్గించండి. తినని నెయ్యిని ఏ వైపునుంచి తగ్గించాలో ఒక్కరూ చెప్పలేదు.

మొన్న మా మనవరాలికి కాలేజీలో రక్తపరీక్ష చేస్తే కొవ్వు ఎక్కువని వచ్చింది. పిల్ల పుల్లలా ఉంటుంది, నెయ్యి చూస్తే ముక్కు మూసుకుంటుంది. ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మది దెగ్లూర్ వైపు, తెలుగు వచ్చు, తాతను మాత్రం మరాఠీలో ఆజోబా అంటుంది. కాగితం చూసి, ఈ యాభై ఏళ్లలో ఏ డాక్టరూ అడగని మాట అడిగింది:

"ఆజోబా, మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్ల ఉండెనా?"

నేను కుర్చీలోంచి లేచిపోయాను! బాపు, నేను, గొట్టాలు, మీగడ, బెల్లం అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. మనవరాలు నా చొక్కా లాగుతూనే ఉంది. "తాతా, కూసో! బయట లైనుంది!" డాక్టరమ్మ మాత్రం చెంప మీద చెయ్యి పెట్టుకుని విన్నది. మన దేశంలో చాలా ఇళ్లలో ఇది ఉంటుందంది. మనిషి బక్కగానే ఉంటాడు, రక్తంలో మాత్రం కొవ్వు పేరుకుంటుంది, మంచి కొలెస్ట్రాల్ తక్కువుంటుంది. కొందరి కాలేయం కొవ్వును ఎక్కువ తయారుచేస్తుంది, కొందరి ఒంట్లో అది తొందరగా కరగదు. ఆ గుణం తల్లిదండ్రుల నుంచే వస్తుంది. పైగా అన్నమూ బెల్లమూ లోపలికి పోయి కొవ్వుగానే మారతాయి. (పెద్దవ్వా, ఎంత పని చేశావు!) అందుకే పిల్లకు ఇప్పటినుంచే తీపి, తెల్లన్నం తగ్గించి, నడిపించి, అవసరమైతే మందు వేస్తే బాపుకు జరిగింది దీనికి జరగదని ధైర్యం చెప్పింది. చివర్న నవ్వి, "కొవ్వు మీ రక్తంల్నే ఉంది ఆజోబా," అంది.

అదే మాట! సేటు అన్న మాటే! తిట్టు కాస్తా ఇన్నేళ్లకు తీర్పయింది!

మనవరాల్ని ఇంటి దగ్గర దించి, ఆటో దిగకుండా నేరుగా సేటు ఇంటికి పోయాను. పెద్దవ్వ నిండు నూరేళ్లూ బతికి పోయింది. సేటు వరండాలో, కాళ్ల మీద శాలువా కప్పుకుని ఉన్నాడు. చెవులు మందగించాయి కాబట్టి వీధంతా వినబడేలా చెప్పాను. కాలేయం, తండ్రి గుణం, కొడుకు గుణం, అన్నం, బెల్లం, ఒక్కటి వదల్లేదు. యాభై ఏళ్లు రాత్రిళ్లు సాధన చేసిన వాదన, తెలుగులో మొదలై హిందీలో మండి మరాఠీలో ముగిసింది. వెదురుకర్రకు చొక్కా తగిలించిన ఆ కుర్రాడు నా పక్కనే నిలబడి మీసం తిప్పుతున్నట్టే అనిపించింది. "ఇప్పుడు చెప్పుండ్రి సేటూ, నేను దొంగనా?" అని రొప్పుతూ కూచున్నాను.

సేటు గుమ్మంలోంచి లోపలి అరమీద, ఒకప్పుడు జాడీ ఉండే ఖాళీ చోటు వైపు చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అన్నాడు:

"నువ్వు గాదురా. నాకు అప్పుడే ఎర్క, మా అవ్వ తింటుండె. నిన్ను దొంగంటె నువ్వు ఇంకో దుకాణం చూసుకుంటవ్. అవ్వను దొంగంటె, నేను ఇంకో అవ్వను యాడ చూసుకోవాలె?"