అన్షో బంగో, కోజిన్ బంగో

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో నేను తార్నాకలో ఉండేదాన్ని. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాం. సాయంత్రాలు క్యాంపస్‌లో జపనీస్ నేర్చుకునేదాన్ని. నా పక్క సీటు స్నేహితురాలిది కరీంనగర్. లేడీస్ హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదివేది. మా టీచర్ జపాన్ నుంచి వచ్చి క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉంటున్న పెద్దావిడ. తెలుగు మెల్లగా, పుస్తకంలోలా మాట్లాడేది.

ఒకసారి ఆవిడ మా ఇద్దరికీ నిజమైన పని అప్పగించింది. ఒక కంపెనీ జపాన్‌లో శిక్షణకు పంపే విద్యార్థులు నింపే ఫారాన్ని జపనీస్‌లోకి మార్చాలి. నంబర్ల భాగం నాది. హాల్ టికెట్ నంబర్, రేషన్ కార్డు నంబర్ తేలిగ్గానే అయ్యాయి. ‘పర్సనల్ ఐడెంటిఫికేషన్ నంబర్’ దగ్గర నిఘంటువు తెరిచి, దొరికిన ‘అన్షో బంగో’ రాసేసి, టీచర్‌కీ, స్నేహితురాలికీ మెయిల్ చేశాను.

మర్నాడు బంద్. పొద్దున్నే స్నేహితురాలి ఫోన్.

“ఏయ్, ఏంది రాసినవ్? అన్షో బంగో అంటే ఏటీఎంల కొట్టే నంబర్ గదా! పోరగాళ్ల పిన్ నంబర్లు గుంజుతున్నవా?”

మధ్యాహ్నం కంపెనీవాళ్లు ఫారం తీసుకెళతారు. టీచర్ ఫోన్ కలవలేదు. బస్సులు లేవు. నా తప్పు నేనే దిద్దుకుంటానని, తనను గేటు దగ్గరికి రమ్మని, చెప్పులేసుకుని నడక మొదలుపెట్టాను.

క్యాంపస్ గేటు దగ్గర రోడ్డు మీద కూర్చున్న విద్యార్థులు ఆపారు.

“ఏడికక్కా?”

“లోపలికి వెళ్లాలండీ, అర్జెంటు పని.”

నా యాస విని వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంతలో స్నేహితురాలు పరుగున వచ్చింది.

“మా క్లాస్‌మేట్ అన్నా. జపాన్ భాష పని మీద వచ్చింది.”

“అట్లనా? మరి జై తెలంగాణ జపాన్ల ఎట్లంటరు?”

ఆలోచించకుండానే అనేశాను: “తెలంగాణ బంజాయ్!”

గేటు దద్దరిల్లేలా మూడుసార్లు అరిచి, నవ్వుతూ దారి ఇచ్చారు.

క్వార్టర్స్‌లో టీచర్ అప్పటికే ప్రింటు తీసి, ‘అన్షో బంగో’ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, మా కోసమే చూస్తోంది.

“అన్ అంటే చీకటి,” అంది నవ్వాపుకుంటూ. “చీకటిలో దాచుకోవలసిన నంబరును మీరు ఫారంలో అడుగుతున్నారు.”

“మరి మనిషిని గుర్తుపట్టే నంబరుకి ఏం రాయాలి టీచర్?”

“కోజిన్ అంటే ఒక్కొక్క మనిషి గదా,” అంది స్నేహితురాలు. “కోజిన్ బంగో అంటే సరిపోతదా?”

టీచర్ చప్పట్లు కొట్టింది. నేను సిగ్గుపడుతూనే దిద్దాను. ముగ్గురం టీ తాగుతుండగా కంపెనీ మనిషి బంద్‌లో చెమటలు కక్కుతూ వచ్చి ఫారం పట్టుకెళ్లాడు.

“ఇగ నుంచి నాకు సూపియ్యకుండ ఏదీ పంపకు,” అంది నా స్నేహితురాలు మెట్లు దిగుతూ.

అలాగే చేశాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి నా తర్జుమాలకు మొదటి పాఠకురాలు ఆమే, ఆమె వాటికి నేనూ.